కంచం మీద అరచెయ్యి

మా ఊరి పేరు రాయను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఈ మూడింటిలో దేనికైనా పొద్దున బస్సెక్కి పోయి మధ్యాహ్నం అన్నం వేళకు తిరిగి రాగలిగిన చోట ఉంది. మునిసిపాలిటీ ఉంది, వడ్ల మిల్లులున్నాయి, రాత్రీ పగలూ లారీలు తిరిగే బైపాస్ ఉంది. చదివిన వాళ్లు ఎవరికి వాళ్లు ఇది మా ఊరే అనుకుంటే నాకేం అభ్యంతరం లేదు. పేరు రాయకపోవడం భయపడి కాదు. రాస్తే ఆ ఒక్క ఊళ్లోనే ఇలా జరిగిందని పక్క ఊరి వాళ్లు హాయిగా నిద్రపోతారు. వాళ్లను అలా నిద్రపోనివ్వడం నాకు ఇష్టం లేదు.

కృపారాణి కౌన్సిలర్‌గా గెలిచిన మర్నాడు మా బడి గోడకు ఒక ఫ్లెక్సీ కట్టారు. నాకు ఒళ్లు మండడం అక్కడ మొదలైంది. ఫ్లెక్సీ నిండా ఆమె భర్త జగదీష్. తెల్ల చొక్కా వేసుకుని, రెండు చేతులూ జోడించి, నిలువెత్తున నవ్వుతున్నాడు. పైన పార్టీ పెద్దల తలకాయలు వరసగా ఉన్నాయి. అడుగున ఒక మూల తపాలా బిళ్లంత బొమ్మ ఉంది. అది కృపారాణి. ఎండలో ఇల్లిల్లూ తిరిగి ఓటు అడిగిన మనిషి ఆమె. ఆ వార్డులో సగం మందికి అక్షరాలు దిద్దించిన మనిషి ఆమె. ఎన్నికల కోసం సర్కారు కొలువు వదులుకున్న మనిషీ ఆమే. గెలిచినందుకు అభినందనలు మాత్రం ఆయనకు.

"కృపా, గీ ఫ్లెక్సీల నువ్వు యాడున్నవో భూతద్దం పెట్టి ఎతకాలె" అన్నాను.

ఆమె నవ్వింది. "ఉండనీ విజయక్కా. ఆయనకు గదొక సంబురం. పని నేను జేస్త గద."

ఆ ఒక్క మాట తర్వాత ఆమె మీదికి ఏం తెచ్చిపెట్టిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. నేను ఆమెతో పాటు అదే బడిలో పనిచేసిన టీచర్‌ని. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. ఆమె గురించి పేపర్లలో వచ్చిన వార్తలు చదివాను. ఒక్కదాంట్లోనూ ఆమె లేదు.

కృపారాణి పుట్టింది పెన్‌పహాడ్ దగ్గర ఒక పల్లెలో. తండ్రి సత్యానందం కూలిపని చేసేవాడు, ఆదివారం చర్చిలో గంట కొట్టేవాడు. తల్లి పిచ్చమ్మ నాట్లకు, కలుపులకు పోయేది. బిడ్డను చదివించాలని సూర్యాపేటలో హాస్టల్లో వేశారు. ఆ హాస్టల్లో తనిఖీకి ఆఫీసరు వచ్చిన రోజు ముద్దపప్పు, కోడిగుడ్డు. మిగతా రోజులు అడుగు కనిపించే నీళ్ల చారు. కృపారాణి పదో తరగతిలో ఉండగా ఒకరోజు తన కంచం పట్టుకుని నేరుగా వార్డెన్ గదికి పోయింది. ఆమె బల్ల మీద పెట్టి, "మేడం, మీరు గిది తినుండ్రి. నేను గీడ్నే నిలబడి సూస్త" అందట. వార్డెన్ ఆమెను ఇంటికి పంపించింది. సత్యానందం బతిమాలి మళ్లీ చేర్పించాడు. తిరిగొచ్చేసరికి చారు కొంచెం చిక్కబడింది. ఈ సంగతి ఆమె చాలాసార్లు నవ్వుతూ చెప్పేది. నాకు మాత్రం విన్న ప్రతిసారీ కోపమే వచ్చేది. పిల్లలు కంచాలు మోసుకుపోతే తప్ప చారు చిక్కబడని చోట మనం ఉంటున్నామని.

ట్రైనింగ్ అయ్యాక హుజూర్‌నగర్ అవతల ఒక పల్లెలో మొదటి ఉద్యోగం. తర్వాత కోదాడ. అక్కడి పిల్లలు ఈమె మాట విని నవ్వేవాళ్లట. "టీచర్ గారూ, 'ఇగ పోదాం' కాదండీ, 'ఇంక వెళ్దాం' అనాలండీ" అని దిద్దేవాళ్లట. పెళ్లయ్యాక మా ఊరికి బదిలీ చేయించుకుంది. జగదీష్‌కు ఇక్కడ మోటార్లకు వైండింగ్ కట్టే దుకాణం ఉంది. మంచివాడు. ఆ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే ఈ కథలో మంచివాళ్లు చేసిన నష్టం కూడా ఉంది. పదిమందితో కూర్చుని చాయ్ తాగడం అంటే ఆయనకు ప్రాణం. ఎవరేమన్నా తల ఊపుతాడు. కాదనడం ఆయనకు చేతకాదు.

మా బడి ఒక మిల్లు గోడకు ఆనుకుని ఉంది. వడ్లు ఉడకబెట్టి బియ్యం ఆడే మిల్లు. ఉడకబెట్టడానికి బాయిలర్‌లో ఊక కాలుస్తారు. ఆ ఊక బూడిద నల్లగా, పొరలు పొరలుగా గొట్టంలోంచి లేచి మా మీద పడుతుంది. పొద్దున బడికి రాగానే పిల్లలు చేసే మొదటి పని ప్రార్థన కాదు, తడిగుడ్డతో బెంచీలు తుడవడం. రెండో పీరియడ్‌కు మళ్లీ తుడవాలి. తెల్ల చొక్కాలు ఇంటికి పోయేసరికి బూడిదరంగుకు తిరుగుతాయి. వార్డులో దండెం మీద బట్టలు ఆరేసి ఎవరూ పనికి పోరు. మంచినీళ్ల బిందె మీద మూత లేకుండా ఒక్క నిమిషం ఉంచరు.

మధ్యాహ్న భోజనం దగ్గర మా పిల్లలకు ఒక పద్ధతి ఉంది. కుడిచేత్తో అన్నం తింటారు, ఎడమ అరచేతిని కంచం మీద గొడుగులా పట్టుకుంటారు. ముద్ద తీసినప్పుడు చెయ్యి కొంచెం లేస్తుంది, మళ్లీ దిగుతుంది. ఎవరూ నేర్పలేదు. ఒకటో తరగతి పిల్లలు వచ్చిన వారంలోనే పెద్దపిల్లల్ని చూసి నేర్చుకుంటారు. కొత్తగా వచ్చిన టీచర్లు అది చూసి ఎంత ముద్దుగా ఉందో అని ఫోటోలు తీసుకుంటారు. అలాంటి ఒకామె ఫోన్ నేను లాక్కున్నాను. ముద్దుగా ఏం లేదు. అన్నంలో బూడిద పడకుండా ఆరేళ్ల పిల్ల కాపలా కాసుకుంటోంది.

మిల్లులో హమాలీ సైదయ్య కూతురు స్వప్న మా దగ్గర చదివేది. ఒకరోజు ఆటల పీరియడ్‌లో ఆరీఆరని ఊక రవ్వ ఆ పిల్ల కంట్లో పడింది. మిర్యాలగూడ దవాఖానకు తీసుకుపోయాం. చూపు దక్కింది గానీ ఎండలోకి వస్తే ఆ కన్ను ఇప్పటికీ నీరు కారుతుంది. కృపారాణి ఆ పిల్లను వెంటబెట్టుకుని మిల్లుకు పోయింది. మేనేజరు కుర్చీ వేసి, కూల్‌డ్రింక్ తెప్పించి, "మేడం, పిల్లలందరికీ నల్లద్దాలు ఇప్పిస్తం. కంపెనీవి. మా పేరు రాపిచ్చి పంచుదాం" అన్నాడు. అంటే మా పిల్లలు నల్లద్దాలు పెట్టుకుని ఎక్కాలు చదవాలి.

ఇందులో మండిపడాల్సిన సంగతి ఇంకొకటుంది. ఆ మిల్లులో బూడిదను నీళ్లతో పట్టి ఆపే యంత్రం ఉంది. ఎప్పుడో బిగించారు. వార్డులో అందరికీ తెలుసు. తనిఖీకి ఆఫీసర్లు వచ్చిన రోజు అది తిరుగుతుంది, ఆకాశం తేటగా ఉంటుంది. కారు గేటు దాటగానే ఆపేస్తారు, కరెంటు కాలుతుందని.

సైదయ్య మా దగ్గరికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "టీచరమ్మా, మిల్లు బందైతే మా పొయ్యి బందైతది. జర సూసి మాట్లాడుండ్రి."

"మిల్లు బంద్ జెయ్యమని నేనెప్పుడన్నా అన్ననా అన్నా?" అంది కృపారాణి. "ఉన్న యంత్రం తిప్పమంటున్న. గంతే."

గంతే. కానీ ఆ గంతే కోసం ఆమె ఎక్కని ఆఫీసు లేదు. ఒక ఆఫీసరు, "మేడం, మీరు పాఠాలు చెప్పుకోండి, ఇవన్నీ మేము చూసుకుంటాం" అన్నాడు. ఇంకొకాయన, "బూడిద పడుతుందని మీరంటున్నారు. మేం వచ్చినప్పుడు పడటం లేదే" అన్నాడు. వాళ్లు చెప్పి మరీ వస్తారు. చెప్పి వచ్చేవాళ్లకు ఏం కనిపిస్తుంది?

ఆ ఏడు మా వార్డు మహిళకు రిజర్వ్ అయింది. పార్టీ వాళ్లు జగదీష్ దుకాణానికి వచ్చారు, ఇంటికి కాదు. "మేడంకు పేరుంది. ఆమె నిలబడితే సాలు, మిగతాది నువ్వే సూసుకో" అన్నారట. కృపారాణి రెండు రోజులు ఆలోచించింది. మూడోరోజు బడిలో తడిగుడ్డ పిండుతూ నాతో అంది. "అక్కా, ఇన్నేండ్లు బూడిద పడ్డంక తుడిసిన. ఇగ యాడికెళ్లి వస్తున్నదో గాడికి పోత."

ఉద్యోగానికి రాజీనామా ఇచ్చింది. నేను వద్దన్నాను, తిట్టాను కూడా. వినలేదు. గెలిచింది. తర్వాత ఆ ఫ్లెక్సీ.

ఇక్కడ మా ఊరి ఒక ఆచారం గురించి చెప్పాలి. మునిసిపల్ మీటింగ్‌కు ముందురోజు సాయంత్రం చైర్మన్ ఇంట్లో చాయ్ ఉంటుంది. మర్నాడు ఏది పాస్ కావాలో, ఏది పక్కకు పోవాలో అక్కడే తేలిపోతుంది. మీటింగ్‌లో అంశం చదవగానే బల్లలు చరుస్తారు, అయిపోతుంది. ఆ చాయ్‌కి మగవాళ్లే పోతారు. మగ కౌన్సిలర్లు వాళ్లంతట వాళ్లు, ఆడ కౌన్సిలర్ల తరఫున భర్తలు. మీటింగ్ రోజు ఆడవాళ్లు పట్టుచీరలు కట్టుకుని వచ్చి, భర్తలు ముందురోజు ఊపిన తలలకు బల్లలు చరుస్తారు. సుగుణమ్మ అని పక్క వార్డు కౌన్సిలర్ ఉంది. గెలిచిన దగ్గర్నుంచీ ఆమె గొంతు ఎలా ఉంటుందో ఆ హాల్లో ఎవరికీ తెలియదు.

జగదీష్‌ను ఊరంతా "కౌన్సిలర్ సాబ్" అని పిలవడం మొదలుపెట్టింది. కుళాయి రాకపోతే ఆయనకు ఫోను. కృపారాణి ఎదురుగా నిలబడి ఉండగా, "మేడం, సార్ లేరా? ఒక మాట చెప్పాల్సి ఉండె" అని అడిగిన వాళ్లను నేను చూశాను. నువ్వు ఎవరికి ఓటేశావు నాయనా అని ఒకణ్ణి అడిగితే నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

కృపారాణి మాత్రం పని చేసుకుంటూ పోయింది. మురికికాలువలు వేయించింది, వీధిదీపాలు పెట్టించింది, వృద్ధుల పింఛన్ల కోసం తిరిగింది. ప్రతి మీటింగ్‌లోనూ లేచి మిల్లు యంత్రం సంగతి ఎత్తేది. "పరిశీలిస్తాం" అనేవాళ్లు. చాయ్‌కి మాత్రం పోలేదు. "ఆయనకు చాయ్, నాకు పని. లెక్క సరిపోయింది" అని నవ్వేది. ఒకసారి కోపం పట్టలేక, "ఆ బడి పిల్లలు కూసునేటట్టు లేకుంట అయింది, మీరెవరన్నా వచ్చి సూసిండ్రా?" అని మీటింగ్‌లో గట్టిగా అడిగింది. ఆ మాట వాళ్లకు బాగా పనికొచ్చింది.

పదవీకాలం చివరి ఏడాది, ఒక సాయంత్రం జగదీష్ మిఠాయి డబ్బా పట్టుకుని ఇంటికొచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. మొహం వెలిగిపోతోంది.

"కృపా, నీ గోస తీరింది. బడికి కొత్త బిల్డింగు. రేపు పాస్ అయితది. నేనే మాట్లాడి ఒప్పిచ్చిన."

"యాడ?" అంది కృపారాణి.

"బైపాస్ అవతల. గాడున్న బడిల కలుపుతరట. పంకలు, కొత్త బెంచీలు. బూడిద లేదు, ఏం లేదు."

"మరి మన బడి జాగ?"

జగదీష్ మిఠాయి డబ్బా విప్పుతూ చెప్పాడు. "మిల్లుకు లీజుకిస్తరట. ఊక పోసుకుంటానికి."

ఆమె డబ్బా ముట్టుకోలేదు.  బూడిద పోస్తున్నావు ఆపు నాయనా అని ఇన్నేళ్లు మొత్తుకుంటే, బూడిద పోసినవాడికి బడి జాగా కానుకగా ఇస్తున్నారు. కారణం ఏమని? కౌన్సిలర్ గారే స్వయంగా ఆ బడి పిల్లలకు పనికిరాదన్నారు కదా, అందుకని. ఆరేళ్ల పిల్లలు లారీల మధ్య బైపాస్ దాటి పోవాలట. పోతారా? ఆడపిల్లల్ని సగం మందిని తల్లులు మర్నాటి నుంచే ఇంట్లో ఆపేస్తారు. మా వార్డు ఆడవాళ్లు తెల్లారకముందే పనికి పోతారు, చెయ్యి పట్టి రోడ్డు దాటించేది ఎవరు?

"నిన్నెవరు ఒప్పుకోమన్నరు?" అంది కృపారాణి, గొంతు పెంచకుండానే.

"ఇన్నేండ్ల సంది నేనే పోతున్న గద చాయ్‌కి. నువ్వెన్నడన్నా వద్దన్నవా?" జగదీష్ నిజంగానే అయోమయంలో పడ్డాడు. "నీ కోసమే అనుకున్న కృపా. బూడిద పోవాలనే గద నువ్వు కొట్లాడింది."

 "తప్పు నాదే" అంది కృపారాణి. "చాయ్ చాయే అనుకున్న. నా ఓటు గాడ తాగొస్తున్నవని తెల్వలే."

మీటింగ్ ఎప్పుడూ రెండు పూటలుగా ఉంటుంది. పొద్దున చిన్నాచితకా అంశాలు, భోజనాలు, తర్వాత పెద్దవి. ఆ భోజనం కౌన్సిలర్లు వంతులవారీగా పెట్టాలి. ఆ నెల వంతు కృపారాణిది. జగదీష్ అప్పటికే బిర్యానీ చెప్పేశాడు, మామూలుగా ఫంక్షన్ హాలుకు. కృపారాణి వంటవాళ్లకు ఫోన్ చేసి బిర్యానీ బడి వరండాకు తెమ్మంది. మీటింగ్‌లో లేచి, "బడి మార్చే ముందు బడి సూడాలె గద. భోజనాలు గాడ పెట్టిన. పిల్లలు తినే టైమే" అని చెప్పింది. బిర్యానీ ఎక్కడుంటే అక్కడికి పోవడానికి మా కౌన్సిల్‌కు ఎప్పుడూ అభ్యంతరం లేదు. కార్లు బయలుదేరాయి. చైర్మన్ తన వెంట మిల్లు ఓనరును కూడా తీసుకొచ్చాడు, ఎప్పటిలాగే.

ఆమె ఉద్దేశం నాకు తెలుసు. పదో తరగతిలో వార్డెన్ బల్ల మీద కంచం పెట్టిన పిల్లే ఇది. తెల్లచొక్కాల మీద, బిర్యానీ మీద నాలుగు పొరలు బూడిద పడితే వాళ్లకే అర్థమవుతుందని ఆమె ఆశ.

కానీ మిల్లు వాళ్లు కార్లను చూశారు. మునిసిపాలిటీ కార్లు వరసగా వస్తుంటే వాళ్లకు అలవాటైన పనే చేశారు. యంత్రం తిప్పారు. మేము వరండాలో బల్లలు వేసేసరికి ఆకాశం తేటగా నీలంగా ఉంది. ఒక్క నలుసు లేదు. అంత తేటగా ఉన్న ఆకాశాన్ని చూసి నాకు ఏడుపొచ్చింది.

చైర్మన్ బిర్యానీ కలుపుకుంటూ తల పైకెత్తి చూశాడు. "ఏదమ్మా బూడిద? గాలి మంచిగనే ఉన్నది గద." మిల్లు ఓనరు చిన్నగా నవ్వాడు. ఇద్దరు ముగ్గురు కౌన్సిలర్లు కూడా నవ్వారు. కృపారాణి పిల్లలకు అన్నం వడ్డించమని మా వంటామె సాయమ్మకు సైగ చేసింది.

పిల్లలు ఎదురుగా ఆవరణలో వరసల్లో కూర్చున్నారు. అన్నం, పప్పు వడ్డించారు. అందరూ ఒక్కసారిగా ఎడమచేతులు చాపి కంచాల మీద పెట్టుకుని తినడం మొదలుపెట్టారు. చెయ్యి లేవడం, ముద్ద, చెయ్యి దిగడం. పైన ఏమీ పడటం లేదు. అయినా ఒక్క పిల్ల కూడా చెయ్యి తియ్యలేదు.

వరండాలో మొదట గమనించింది సుగుణమ్మ. బిర్యానీ వదిలేసి వాళ్లవైపే చూస్తోంది.

చైర్మన్ అడిగాడు. "ఏందమ్మా, చెయ్యి గట్ల పెట్టిండ్రు?"

ముందు వరసలో స్వప్న చెల్లెలు ఉంది. "బూడిద పడకుండ సార్" అంది.

"ఇయ్యాల పడ్తలేదు గద?"

"అవ్ సార్. మీరొచ్చిండ్రు గద" అని ఆ పిల్ల మళ్లీ ముద్ద తీసుకుంది. ఎత్తిపొడవాలని అనలేదు. వాన రోజు వాన పడుతుందని చెప్పినంత మామూలుగా చెప్పింది.

కృపారాణి అప్పుడు లేచి మాట్లాడింది. బడిలో బోర్డు ముందు నిలబడ్డప్పటి గొంతు. "చైర్మన్ సాబ్, యంత్రం ఉన్నదని మీరే సూపిచ్చిండ్రు. తిప్పితే బూడిద ఆగుతదని గూడ సూపిచ్చిండ్రు. ఇగ నాకొక్కటి చెప్పుండ్రి. బూడిద ఉన్నదంటరా? ఉంటే యంత్రం తిప్పుండ్రి. లేదంటరా? లేకుంటే బడెందుకు మార్చుడు? రెండిట్ల ఏదో ఒకటే చెప్పాలె. పిల్లలు ఇంటున్నరు."

మిల్లు ఓనరు గొంతు సవరించుకున్నాడు. "పిల్లలకు మంచి బిల్డింగ్ వస్తుంటే అడ్డమెందుకు మేడం?"

"బడి మారుస్తరు సార్. వీళ్ల ఇండ్లు యాడికి మారుస్తరు? సాయంత్రం తినేది, పండేది గీడ్నే గద."

చైర్మన్‌కు కోపమొచ్చింది. "మీ ఆయన ఒప్పుకున్నంకనే గదమ్మా ఎజెండాల పెట్టింది."

అందరూ జగదీష్ వైపు చూశారు. ఆయన వడ్డించే గరిటె పట్టుకుని నిలబడి ఉన్నాడు. కాదనడం చేతకాని మనిషి అని చెప్పాను కదా. గరిటె గిన్నెలో పెట్టాడు. చేతులు తుడుచుకున్నాడు. ఎర్రబడ్డ మొహంతో, నేలవైపు చూస్తూ, "నేను చాయ్ తాగొచ్చిన సార్" అన్నాడు. "ఒప్పుకునుడు నా చేతిల లేకుండె. జనం ఓటేసింది ఆమెకు."

మధ్యాహ్నం మీటింగ్‌లో బడి అంశం చదివారు. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. బల్లలు చరిచే చప్పుడు కోసం అందరూ అలవాటుగా ఆగారు. రాలేదు. ఆ నిశ్శబ్దంలో సుగుణమ్మ లేచింది. ఆమె భర్త కిటికీలోంచి కూర్చోమని చేత్తో సైగలు చేస్తున్నాడు. ఆమె అటు చూడలేదు. "నాకు ఒప్పుదల లేదు" అని మాత్రం అని కూర్చుంది. సన్నటి గొంతు. ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కూడా అదే మాట అన్నారు. వాళ్లను చూసి కొందరు మగవాళ్లు కూడా అటే మొగ్గారు. అంశం వాయిదా వేశారు. పదవీకాలం అయిపోయేదాకా అది మళ్లీ రాలేదు. మా బడి ఉన్నచోటే ఉంది.

ఇక్కడితో ఆపితే చదివిన వాళ్లకు తృప్తిగా ఉంటుంది. నాకు ఆ తృప్తి లేదు, మీకూ ఇవ్వను.

ఆ వాయిదా తర్వాత మునిసిపాలిటీ అడగడంతో, మిల్లులో యంత్రం ఇప్పుడు రోజూ తిరుగుతుంది. పొద్దున బడి గంట కొట్టగానే మొదలుపెడతారు, సాయంత్రం చివరి గంట కొట్టగానే ఆపేస్తారు. మునిసిపాలిటీ వాళ్లు అడిగింది బడి గురించే కాబట్టి బడి ఉన్నంతసేపు తిప్పుతున్నామని మేనేజరు చెప్పాడు. ఎంత నిజాయితీ. పిల్లలు సంచులు భుజాన వేసుకుని గేటు దాటేలోపే పొగ గొట్టంలో నలుపు కనిపిస్తుంది. పిల్లలు రాత్రి అన్నం తినరా అని అడిగితే, అది బడికి సంబంధించిన విషయం కాదట.

స్వప్న ఇప్పుడు సూర్యాపేటలో హాస్టల్లో ఉండి చదువుతోంది. అక్కడి పిల్లలు కంచం మీద చెయ్యెందుకు పెడతావని ఎగతాళి చేస్తున్నారని మొన్న నాతో చెప్పింది. తీసేద్దామంటే చెయ్యి మాట వినడం లేదట. దీనికి ఎవరు జవాబు చెప్తారు? ఆ పిల్ల చేతికి ఏ కౌన్సిల్ ఏ తీర్మానం చేస్తుంది?

మళ్లీ ఎన్నికల మాట వినపడగానే పార్టీ వాళ్లు వచ్చారు. ఈసారి కూడా మొదట జగదీష్ దుకాణానికే. "మేడంను మళ్ల నిలబెడతవా?" అని అడిగారట. "ఆమెనే అడుగుండ్రి. ఇంట్ల ఉన్నది" అని ఆయన వైర్లు చుట్టుకుంటూ కూర్చున్నాడట. అందుకని దీపాలు పెట్టే వేళకు ఇంటికి వచ్చారు. నేనూ అక్కడే ఉన్నాను. వాళ్లకు చెప్పాల్సినవన్నీ చెప్పాలని వచ్చి కూర్చున్నాను గానీ, కృపారాణి కళ్లతోనే నన్ను ఆపింది.

"అన్నం వేళకు వచ్చిండ్రు. తిని మాట్లాడుదాం" అని వాకిట్లో కుర్చీలు వేసింది. మిల్లు గోడ అక్కడి నుంచి కనిపిస్తుంది. కంచాలు పెట్టి వేడి అన్నం, మామిడికాయ పప్పు వడ్డించింది. పార్టీ పెద్దాయన పెద్దగా మాట్లాడుతున్నాడు. మేడం సేవలు, మేడం పేరు, ఈసారి ఫ్లెక్సీలో మేడం బొమ్మే పెద్దది అంటున్నాడు. మొదటి ముద్ద కలిపేలోపే తెల్లటి అన్నం మీద నల్లటి పొర ఒకటి వచ్చి వాలింది. వేలితో తీసి పక్కన పెట్టాడు. ఇంకొకటి పడింది. ఆ తర్వాత మరొకటి.

మాట్లాడుతూనే ఉన్నాడు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ చూపించలేదు. ఆయన ఎడమచెయ్యి దానంతట అదే లేచి కంచం మీదికి వచ్చి ఆగింది. పక్కనున్నవాళ్ల చేతులు కూడా.

కృపారాణి ఇంకొంచెం పప్పు వేసింది.

"గట్లనే ఉంచుండ్రి సార్" అంది. "పిల్లలకైతే వారం పట్టింది. మీరు జల్దినే నేర్సుకున్నరు."